కడుపునొప్పికి టిక్కు పెట్టిన పిల్లకి నిజంగా ఏమైంది?

“నాకు తరచూ తలనొప్పి, కడుపునొప్పి వస్తుంటాయి.” రాజోలు పక్క ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్ల దీనికి ‘కచ్చితంగా నిజం’ అని టిక్కు పెట్టిందనుకోండి. అది మనసులో ఉన్న ఆందోళనా, లేక కాలవకి నీళ్లు ఆపేశాక చెరువులో నిల్వ ఉన్న నీళ్లు తాగడం వల్ల వచ్చిన నొప్పా?

ఈ వాక్యం ఎస్‌డీక్యూ (స్ట్రెంత్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనీర్) అనే, పిల్లల మానసిక సమస్యల్ని ముందుగా పసిగట్టడానికి వాడే ప్రశ్నాపత్రంలోది. బ్రిటిష్ సైకియాట్రిస్టు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో దీన్ని పరిచయం చేశారు. మొత్తం 25 వాక్యాలు, 11 ఏళ్లు దాటిన పిల్లలు తామే నింపొచ్చు. దిగులు, భయం, కంగారు లాంటివాటికి ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. అంటే పదికి రెండు మార్కులు ఆ తలనొప్పి, కడుపునొప్పివే. అలాంటప్పుడు ఇన్ని మార్కులు దాటితే సమస్య ఉన్నట్టే అని ఇంగ్లండ్ పిల్లల్ని చూసి గీసిన గీతనే కోనసీమ పిల్లలకీ పెట్టేస్తే ఎలా?

తెలుగులోకి మార్చాం కదా అంటారు. వేరే మనిషి చేత దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి రాయించి పోల్చడం కూడా అవసరమే, కాదనను. కానీ పిల్లలకి ఏం అర్థమైందో దాంతో తెలియదు. అమ్మ కువైట్ వెళ్లిపోయి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల ‘నేను చాలా ఆందోళన చెందుతాను’ అనే పుస్తకం వాక్యానికి ‘నిజం కాదు’ అని పెట్టేసి, ‘బెంగగా ఉందా అమ్మా’ అని అడిగితే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు. అందుకే ముందు కొందరు పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఈ వాక్యం నీకేమని అర్థమైందో నీ మాటల్లో చెప్పు అని అడగాలి. రెండు వారాలాగి మళ్లీ నింపించి, జవాబులు అలాగే వస్తున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత నిపుణులు వాళ్లతో మాట్లాడాలి, ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లతోనే కాదు, తక్కువ వచ్చినవాళ్లలో కొందరితో కూడా, లేకపోతే మన చేతిలోంచి జారిపోయిన పిల్లలెవరో ఎప్పటికీ తెలియదు.

ఒక లెక్క చూడండి. వందమందిలో పదిమందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. ప్రశ్నాపత్రం వాళ్లలో ఎనిమిది మందిని పట్టుకుని, మిగతా 90 మందిలో ఐదో వంతును పొరపాటున కలిపేస్తే జాబితాలో 26 పేర్లుంటాయి. అందులో 18 తప్పు పేర్లు. ‘ఆ పిల్లకి మెంటల్ అంట’ అని ఊళ్లో ఒక్క మాట పొక్కితే ఆ ఇంటి పరిస్థితేంటి?

ఇంకోటి, మన క్లాసులో ఏ కాగితం ఇచ్చినా ‘ఏది రైట్ సార్?’ అని అడుగుతారు, పరీక్షలకి అంతగా అలవాటుపడ్డ పిల్లలు వాళ్లు. పైన రోల్ నంబరు వేయించి, మాస్టారు బెంచీల మధ్య తిరుగుతుంటే తనకి ఏడుపొస్తుందని ఏ మగపిల్లాడు రాస్తాడు? పేరు బదులు ఒక కోడ్ ఇచ్చి, ఎవరి కోడ్ ఏదో కౌన్సిలర్ దగ్గరే ఉంచి, కాగితాన్ని పిల్లల చేతే మడతపెట్టించి డబ్బాలో వేయిస్తే అప్పుడు రాస్తాడేమో.