గాలిపటం, తాళంచెవి, ఏనుగు: అమెరికా విద్యార్థి సంఘాల చిహ్నాలపై ఒక వాదోపవాదం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో గ్రీకు అక్షరాలే పేర్లుగా ఉన్న విద్యార్థి సంఘాలు నడుస్తున్నాయి. మగపిల్లల సంఘాన్ని ఫ్రాటర్నిటీ అనీ, ఆడపిల్లల సంఘాన్ని సొరోరిటీ అనీ అంటారు. ఒక్కో సంఘానికి ఒక బ్యాడ్జి, తనవైన రంగులు, చాలావాటికి ఒక పువ్వు, మస్కట్ అని పిలుచుకునే ఒక జంతువు ఉంటాయి. ఆ గుర్తుల అసలు అర్థాన్ని మాత్రం దీక్ష ఇచ్చి చేర్చుకున్నవారికే చెబుతారు.

ఇటువంటి చిహ్నాలకు విద్యాలయంలో చోటు ఉండవచ్చునా అన్నది ఇక్కడి ప్రశ్న. వాదించినవారు ఇద్దరు. ఒకరు కాకినాడలో చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి, కళాశాల ర్యాగింగ్ నిరోధక సంఘంలో కూడా పనిచేసి విశ్రాంతి తీసుకున్న బాబాయి. రెండోవారు టెక్సస్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పత్రాల విభాగాన్ని చూసుకునే ఆయన అన్నగారి అమ్మాయి. ఆమె కూతురు ఆ నెలలోనే ఒక సొరోరిటీలో చేరింది. అందుచేత ఈ వాదన వారికి ఇంటి విషయం కూడా అయింది.

బాబాయి: అమ్మాయీ, నా అభ్యంతరాన్ని ముందే సూటిగా చెబుతాను. తెలియనిదాన్ని తెలియజెప్పడానికి కట్టుకున్న చోట, అర్థం దాచిపెట్టిన గుర్తును గుండెల మీద పెట్టుకుని తిరగడం నాకు సమ్మతం కాదు. ఈ సంప్రదాయానికి మొదటిదైన ఫై బీటా కప్పానే తీసుకో. 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియమ్ అండ్ మేరీ కళాశాల విద్యార్థులు దాన్ని స్థాపించారు. వాళ్ల పతకం మీద మూడు నక్షత్రాలు, వాటిని చూపిస్తున్న ఒక చేయి ఉంటాయి. తరువాతి కాలంలో ఆ పతకానికే ఒక కాడ తగిలించి, జేబు గడియారానికి కీ ఇచ్చే తాళంచెవిగా మార్చారు. రహస్య సంఘాల మీద దేశమంతా అనుమానం కమ్ముకున్న రోజుల్లో, 1831లో, హార్వర్డ్ శాఖ తన గుట్టును తానే వదులుకుంది. ఆ మూడు అక్షరాలకూ అర్థం 'జ్ఞానతృష్ణే జీవితానికి చుక్కాని' అని అందరికీ తెలిసిపోయింది. తెలిసినందువల్ల ఏం నష్టం జరిగింది? ఆ తాళంచెవికి ఈ నాటికీ గౌరవం తగ్గలేదు. అది చేయగలిగిన పనిని మిగిలినవి ఎందుకు చేయవు?

అమ్మాయి: మంచి ఉదాహరణే ఎంచుకున్నారు బాబాయ్. కానీ ఫై బీటా కప్పా ఆ తరువాత బాగా చదివినవారికి ఇచ్చే గౌరవంగా మారిపోయింది. కలిసి బతకడానికి పెట్టుకున్న సంఘాల కథ వేరు. ఇండియానా రాష్ట్రంలో ఇప్పుడు డిపా విశ్వవిద్యాలయంగా ఉన్నదాన్ని అప్పట్లో ఇండియానా ఆస్‌బరీ అనేవారు. అక్కడ 1867లో మొదటిసారిగా ఆడపిల్లలను చేర్చుకున్నారు. అలా చేరిన కొద్దిమందిలో బెట్టీ లాక్ ఒకరు. ఫై గామా డెల్టా అనే మగపిల్లల సంఘంవారు తమ బ్యాడ్జిని పెట్టుకోమని ఆమెను అడిగారు. సంఘంలో చేర్చుకుంటే పెట్టుకుంటానని ఆమె అన్నది. చేర్చుకోవడం కుదరదనీ, తమ మస్కట్‌గా ఉండి పెట్టుకోవచ్చుననీ వాళ్లు చెప్పినట్టు ఆమె సంఘం చరిత్ర చెబుతుంది. మీరు ఆ మాటను ఒక్కసారి ఆలోచించండి బాబాయ్. జంతువును ఉంచవలసిన చోట ఒక చదువుకునే పిల్లను ఉంచుతామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వాళ్లు బ్యాడ్జికి బదులుగా ఒక వెండి బుట్టను కానుకగా ఇచ్చారు. ఆమె 1870 జనవరి 27న మరో ముగ్గురితో కలిసి కప్పా ఆల్ఫా థీటాను స్థాపించి, తన బ్యాడ్జిని తానే చేయించుకుంది. నల్లని మీనా మీద రెండు నక్షత్రాలున్న ఆ బ్యాడ్జి ఆకారాన్ని ఇప్పటికీ వాళ్లు గాలిపటం అంటారు. ఎదుటివాడి గుర్తును మోసే అలంకారంగా ఉండనని చెప్పిన ఆడపిల్లకు, తన గుర్తంటూ ఒకటి ఉండటం అవసరం కాదంటారా?

బాబాయి: అవసరమే. ఆ పిల్ల చేసినదానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే కథను అక్కడే ఆపేయడం న్యాయం కాదు. ఆ గాలిపటం పెట్టుకున్నవాళ్లూ, అదే 1870లో ఇల్లినాయ్‌లోని మన్మత్ కళాశాలలో ఆరుగురు ఆడపిల్లలు స్థాపించిన కప్పా కప్పా గామావాళ్లూ, వాళ్ల తోటి సంఘాలవాళ్లూ నల్లజాతి ఆడపిల్లలను ఎన్ని దశాబ్దాలు గడప తొక్కనివ్వలేదు? తమకు ఏ తలుపు మూసుకున్నదో తెలిసినవాళ్లే మరొకరి ముఖం మీద అదే తలుపు వేశారు.

అమ్మాయి: అది నిజం. నేను కాదనను, కాదనడానికి నా ఉద్యోగం ఒప్పుకోదు. ఈ సంఘాల పాత ఫోటోలు నా బల్ల మీదికి వస్తాయి. ఒక్కొక్క ముఖాన్ని కోడిగుడ్డు ఆకారపు చట్రంలో అమర్చి, కింద పేరు రాసి, ఏడాదికొకటి చొప్పున గోడకు తగిలించేవారు. వరసగా పేర్చి చూస్తే జుట్టు కట్టు మారుతుంది, మెడ పట్టీలు మారుతాయి, చర్మం రంగు మాత్రం మారదు. ఆ వరసను చూసిన ప్రతిసారీ నాకు సిగ్గుగానే ఉంటుంది. అయినా ఆ తలుపు బయట నిలబడ్డవాళ్లు ఏం చేశారో కూడా చూడాలి. వాళ్లు గుర్తులు వద్దనలేదు, తమ గుర్తులను తామే కల్పించుకున్నారు. 1906 డిసెంబరు 4న కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించినప్పుడు అక్షరాలు గ్రీకువే తీసుకున్నారు. కానీ ఆ సంఘం తన చిహ్నాన్ని వెతుక్కున్నది ఆఫ్రికాలో. ఈజిప్టులో గీజా ఎడారిలోని స్ఫింక్స్, అంటే సింహపు ఒళ్లూ మనిషి తలా ఉన్న శిల్పం, వాళ్ల గుర్తు అయింది. ఆ ఏడుగురినీ ఈనాటికీ 'ఏడు రత్నాలు' అంటారు. మార్టిన్ లూథర్ కింగ్ ఆ సంఘంవారే.

వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో పుట్టిన నల్లజాతి ఆడపిల్లల సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా గుర్తు ఐవీ అనే తీగ ఆకు. వాళ్ల బ్యాడ్జిలోని 20 ముత్యాలు 20 మంది స్థాపకులకు గుర్తులు. ఆ సంఘంలో సభ్యురాలైన కమలా హారిస్ మెడలో ముత్యాల హారాన్ని చూసి అలంకారమనుకున్నవాళ్లు ఎందరో, ఆ వరస తెలిసి లెక్కపెట్టుకున్నవాళ్లూ అందరే. అక్కడే 1913 జనవరిలో 22 మంది కలిసి డెల్టా సిగ్మా థీటాను స్థాపించారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, స్త్రీల ఓటు హక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో వాళ్లు నడిచారు. నల్లజాతి స్త్రీలు వెనక వరసలో నడవాలని నిర్వాహకులు కోరిన ఊరేగింపు అది. ఆ స్థాపకుల్లో ఒకరైన ఫ్లోరెన్స్ లెచర్ టామ్స్‌కు ఏనుగు బొమ్మలు పోగుచేయడం సరదా. ఆ సరదా నుంచే ఏనుగు ఆ సంఘానికంతటికీ ఇష్టమైన గుర్తు అయింది. తొండం పైకెత్తిన ఏనుగే కావాలని వెతికి మరీ కొనుక్కుంటారు. దీక్షలో ఇచ్చిన రహస్యం కాదది, ఒక మనిషి బల్ల మీది బొమ్మ నుంచి మొదలైన అభిమానం.

బాబాయి: ఏనుగుతో నాకు పేచీ లేదు. నువ్వు ఇంతకుముందు చూపించిన తాబేలు, ఉడుత, పాండా మస్కట్ బొమ్మలతోనూ లేదు. వాటిని ఏ పిల్లవాడైనా పట్టుకోవచ్చు, వాటి అర్థం ఎవరూ దాచలేదు. నా పేచీ బ్యాడ్జితో, దీక్షతో. సరే, గుర్తు అణగారినవాడికి ధైర్యమిస్తుందన్నావు. మరి బలవంతుడి చేతిలో ఏమవుతుంది? 1865లో వర్జీనియాలో పుట్టిన కప్పా ఆల్ఫా ఆర్డర్ అనే సంఘం, అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సేనాని రాబర్ట్ లీని తన ఆధ్యాత్మిక స్థాపకుడిగా చెప్పుకుంటుంది. ఆ సంఘం పిల్లలు ఏటా ఆనాటి సైనిక దుస్తులు వేసుకుని ఊరేగేవారు. 2009లో అలబామాలోని టస్కలూసాలో ఆ ఊరేగింపు వెళ్లి వెళ్లి ఎవరి ఇంటి ముందు ఆగిందో తెలుసా? నువ్వు ఇప్పుడు చెప్పిన ఐవీ ఆకు సంఘంవారి ఇంటి ముందు. లోపల వాళ్లు తమ వార్షికోత్సవం జరుపుకుంటున్నారు. ఆ పిల్లలు కిటికీలోంచి ఆ దుస్తులను చూసినప్పుడు వాళ్ల కడుపులో ఏమయి ఉంటుందో నువ్వే చెప్పు.

అమ్మాయి: ఏమయిందో నాకు తెలుసు బాబాయ్, ఆ దుస్తులకు ఇంకొక అర్థం లేదు. ఆ సంఘం దక్షిణాది సేన జెండాను 2001లోనే నిషేధించింది, ఆ దుస్తులను 2010లో నిషేధించింది.

బాబాయి: యుద్ధం ముగిసింది 1865లో. నిషేధించడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది.

(ఈ మాటకు ఆమె వెంటనే బదులు చెప్పలేదు. చెప్పదగిన బదులు ఉందని నేనూ అనుకోను.)

అమ్మాయి: ఆలస్యాన్ని నేను సమర్థించను. కానీ గుర్తు ఉండటం వల్లనే తప్పు ఎవరిదో తేలిన సందర్భాలు ఉన్నాయి. 2015 మార్చిలో ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ పిల్లలు ఒక బస్సులో, నల్లవాళ్లను తమ సంఘంలో ఎప్పటికీ చేర్చుకోమని పాట పాడుతూ వీడియోకు దొరికిపోయారు. సింహాన్నీ, జ్ఞానదేవత మినర్వానూ గుర్తులుగా పెట్టుకున్న సంఘం అది. వెంటనే ఆ శాఖను మూసేశారు, వాళ్ల ఇంటి గోడ మీది అక్షరాలను ఊడదీయించారు. ఏ పేరూ, ఏ గుర్తూ లేని గుంపు ఆ పాటే పాడి ఉంటే దేన్ని ఊడదీసేవారు? ఎవరిని నిలదీసేవారు?

బాబాయి: అక్షరాలను ఊడదీయడం శిక్షే. కానీ ఒంటి మీదివాటిని ఎలా ఊడదీస్తావు? ఒమేగా అక్షరాన్ని ఇనుముతో కాల్చి భుజం మీద వాత పెట్టించుకునేవాళ్లు ఒమేగా సై ఫై సభ్యుల్లో ఉన్నారు.

అమ్మాయి: అది సంఘం పెట్టిన నియమం కాదు, పెట్టించుకున్నవారి ఇష్టం.

బాబాయి: ఇరవై ఏళ్ల పిల్లవాడు పదిమంది అన్నల మధ్య నిలబడి చెప్పే ఇష్టాన్ని నేను ఇష్టమనను తల్లీ. నేను ర్యాగింగ్ నిరోధక సంఘంలో పనిచేసిన రోజుల సంగతి ఒకటి చెబుతాను. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లో వచ్చింది. చట్టం వచ్చిన తరువాత కూడా, మా కళాశాలలో కొత్తగా చేరిన పిల్లలు తమ చొక్కా మూడో గుండీని చూస్తూ నడవాలని సీనియర్లు నియమం పెట్టారు. బయటివాడికి అది తల వంచుకుని నడిచే వినయంలా కనిపించేది. ఒక పిల్లవాడు మూడు నెలలు అలా నడిచి, సంక్రాంతికి ఇంటికి వెళ్లి, తిరిగి రానన్నాడు. తండ్రి నా దగ్గరికి వచ్చి, 'మా వాడు ఎందుకు తలెత్తడం లేదండీ?' అని అడిగాడు. గుండీ అర్థం ఆ పిల్లవాడు తండ్రికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. చెప్పకూడదన్న కట్టడి ఉన్నందువల్లనే చెప్పలేదు. అందుకే అర్థం దాచిన గుర్తును చూస్తే నాకు ఆ గుండీ గుర్తుకొస్తుంది. ఈ అమెరికాలో మాత్రం ఏమైంది? 1869లో వర్జీనియా సైనిక విద్యాలయంలో సీనియర్ల హింసను ఎదిరించడానికి సిగ్మా నూ సంఘం పుట్టిందని నువ్వే చదివి వినిపించావు. అంత మంచి పుట్టుక ఉన్న సంప్రదాయంలోనే, 2017లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో, వేరొక సంఘం ఇంట్లో చేరిక రాత్రి ఒక పిల్లవాడికి తాగించి తాగించి ప్రాణం తీశారు.

అమ్మాయి: ఆ పిల్లవాడి సంగతి చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. అయినా నా కూతురు ఎందుకు చేరిందో మీరు వినాలి. మొదటి సెమిస్టర్‌లో అది భోజనశాలలో ఒక్కతే కూర్చుని తినేది. నాకు ఫోన్ చేసినప్పుడు చుట్టూ గోల వినిపించేది, ఆ గోలలో దాన్ని పలకరించే గొంతు ఒక్కటీ ఉండేది కాదు. దక్షిణాసియా పిల్లలు ఇక్కడ 1990లలోనే తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. 1994లో బింగమ్టన్‌లో ఐయోటా నూ డెల్టా, 1998లో ఆస్టిన్‌లో ఆడపిల్లల కోసం కప్పా ఫై గామా పుట్టాయి. ఆల్ఫా ఫై ఆల్ఫావాళ్లు కార్నెల్‌లో చేసిన పనినే మన పిల్లలూ చేశారు. అటువంటి సంఘంలో చేరిన వారానికే దాని గొంతు మారింది. ఆ పిన్ను పెట్టుకుంటే, తెలియని ఊళ్లో కూడా ఒక పిల్ల వచ్చి 'అక్కా' అని పలకరిస్తుందని చెప్పింది.

ఇంకొక సంగతి. పోయిన ఏడాది మా విభాగానికి ఒక కుటుంబంవారు పాత కప్పా కప్పా గామా బ్యాడ్జిని ఇచ్చి వెళ్లారు. అంగుళం పొడవున్న బంగారు తాళంచెవి. కాడ మీద సంఘం పేరులోని మూడు అక్షరాలు, పళ్ల మీద ఆల్ఫా, ఒమేగా, ఒమిక్రాన్ అని మరో మూడు అక్షరాలు ఉంటాయి. వెనక వైపు దాని యజమానురాలి పేరు చెక్కి ఉంది, రవిక బట్టకు రాసుకుని రాసుకుని సగం అరిగింది. పళ్ల మీది అక్షరాలకు అర్థమేమిటో ఆమె కూతురికి కూడా తెలియదు. 'మా అమ్మ చివరిదాకా ఇది తీయలేదు' అని మాత్రం చెప్పింది. అరవై ఏళ్లు ఒక మాటకు కట్టుబడిన మనిషిని చూసి నేను తప్పు పట్టలేను బాబాయ్.

బాబాయి: నేనూ తప్పు పట్టను. ఆ పెద్దావిడ మాట నిలుపుకుంది. కానీ నాకు ఆమె కంటే ఆమె కూతురి గురించి దిగులుగా ఉంది. తల్లి గుండెల మీద ఏముందో తెలియకుండానే ఆ పిల్ల పెరిగింది. ఇప్పుడు నీ ఇంట్లో అదే తిరగబడింది. గుర్తు అర్థాన్ని నీకు చెప్పకూడదని నీ కూతురు ఒట్టు వేసింది. ఆ ఒట్టు ఉన్న చోట, రేపు ఎవరైనా దాన్ని బాధపెడితే అది నీకు చెబుతుందా? ఈ ఒక్కదానికి బదులు చెప్పు, నేను మిగిలినవన్నీ వదిలేస్తాను.

(ఈ ఇద్దరి మాటల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచింది ఈ ప్రశ్న. 1776 నుంచి ఉన్న చరిత్రలో దీనికి జవాబు వెతికి ప్రయోజనం లేదు.)

అమ్మాయి: ఆ ప్రశ్న నేనే దాన్ని అడిగాను, దీక్షకు ముందు రోజు రాత్రి. అక్కడ చెప్పే మాటలు నాకు అక్కర్లేదనీ, ఏ ఇంట్లో, ఎన్ని గంటలకు, ఎవరెవరు ఉంటారు, తాగుడు ఉంటుందా, ఫోన్ దగ్గర ఉంటుందా అన్నవి మాత్రం కావాలనీ చెప్పాను. అన్నీ కాగితం మీద రాసి ఇచ్చింది. 2024 డిసెంబరులో ఇక్కడ కొత్త చట్టం వచ్చింది. విద్యార్థులను హింసించినట్టు తేలిన సంఘాల పేర్లను, ఏం చేశారో, ఏ శిక్ష వేశారో ప్రతి విశ్వవిద్యాలయమూ బహిరంగంగా ప్రకటించాలి. మా అమ్మాయి రాసి ఇచ్చిన కాగితమూ, ఆ జాబితా పేజీ అచ్చు కాపీ నా సొరుగులో ఉన్నాయి.

బాబాయి: కళ్లజోడు లోపల పెట్టాను, తెచ్చుకుంటాను. ముందు ఆ జాబితా చూపించు.