అయిదు మిల్లీమీటర్ల స్లైస్ దొరగారికి

మహారాజశ్రీ ఎం.ఆర్.ఐ. అయిదు మిల్లీమీటర్ల స్లైస్ దొరగారి సముఖానికి, ఒంగోలులో తమరి స్కాన్లు సర్దే గుమాస్తా నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. కుశలమంతా తమదేలెండి.

మెదడును పలకలు పలకలుగా ఎం.ఆర్.ఐ. యంత్రం తీసే బొమ్మల్లో తమరొకరు. పైనుంచి చూస్తే తమరు అర మిల్లీమీటరు గళ్లతో కళకళలాడుతుంటారు. లోతుకొచ్చేసరికి అదే గడి అయిదు మిల్లీమీటర్లు. వెడల్పుకు పదింతలు! పైగా తమరికీ పక్క స్లైస్‌కూ మధ్య ఇంకో మిల్లీమీటరు ఖాళీ. అక్కడ మెదడుంది, బొమ్మ లేదు. మాది చీమకుర్తి కాబట్టి ఇది నాకు కొత్త కాదు. గెలాక్సీ గ్రానైట్ బ్లాకును పలకలుగా కోస్తే రంపం తిన్నంత రాయి పొడై నీళ్లలో పోతుంది. పలకలన్నీ మళ్లీ పేర్చినా బ్లాకు రాదు. అయినా ఆ బురదను పలకల లెక్కలో ఎవరూ రాయరు.

మేం మాత్రం ఆ లేని ముక్కను కూడా లెక్కలో రాస్తున్నాం. రీశాంప్లింగ్ (బొమ్మను కొత్త కొలత గళ్లలోకి మార్చడం) అని ఒక కమాండ్ కొడితే తమరి 24 స్లైసులు 144 అయి కూర్చుంటాయి, ప్రతి వోక్సెల్ (బొమ్మలోని ఒక్కో త్రీడీ గడి) అన్ని వైపులా 1 మి.మీ. ట్రైలీనియర్ పద్ధతి చేసేదల్లా చుట్టుపక్కల అంకెలు తీసుకుని, దూరాన్ని బట్టి సగటు కట్టడమే. మెదడు పైపొర కార్టెక్స్ మందమే 2 నుంచి 4 మి.మీ. తమరి ఒక్క వోక్సెల్‌లో గ్రే మ్యాటర్, వైట్ మ్యాటర్, నీరు కలిసిపోయి ఒకే అంకెగా తేలతాయి. దాన్ని ఎంత సన్నగా తరిగినా లోపలున్నది ఆ కలగాపులగమే. మెదడు భాగాలను కొలిచే ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్ అయితే అడక్కుండానే 1 మి.మీ. చేసి 256 గళ్ల ఘనంలో కూర్చోబెడుతుంది. ఇక తమరి పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి కావాలి?

లేబుళ్ల సంగతి, అంటే ఏ గడి మెదడులో ఏ భాగమో చెప్పే అంకెల సంగతి, ఇంకా తమాషా. ఫ్రీసర్ఫర్ పట్టికలో బ్రెయిన్‌స్టెమ్ 16, ఎడమ అమిగ్డలా 18. ఈ అంకెలకు సగటు కడితే 17, అంటే ఎడమ హిప్పోకాంపస్! లేనిచోట అవయవం పుట్టేసింది. అందుకే లేబుళ్లకు నియరెస్ట్ నైబర్ వాడాలి. దగ్గరవాడి అంకె ఉన్నదున్నట్టు దిగుతుంది.

తమరి ఫైలు వివరాలుండే హెడర్‌లో మందం 5 అని ఒకచోట, స్లైసుల మధ్య దూరం 6 అని ఇంకోచోట ఉంటుంది. ఆ మధ్య ఒకాయన మొదటిది పట్టుకుని లెక్క కట్టాడు. 144 రావాల్సిన చోట 120 వచ్చి, తల 24 మిల్లీమీటర్లు అణిగిపోయింది. ఆ తల సొంతదారు అప్పటికే నిక్షేపంగా కనిగిరి బస్సెక్కి వెళ్లిపోయాడు.

తమరిని ఊరికే తిట్టడం న్యాయం కాదని నాకూ తెలుసు. సన్నటి త్రీడీ స్కాన్‌కు నిమిషాల తరబడి కదలకూడదు. నడుంనొప్పి తాతను ఆ గొట్టంలో పెట్టి "కదలొద్దు తాతా" అంటే సరిపోతుందా? మందంగా ఉంటే సిగ్నల్ కూడా బాగా వస్తుంది. డాక్టరుగారు ఫిల్మ్ లైటుకు పెట్టి చూసేదానికి తమరు చాలు. నా గొడవంతా తమరిని హిప్పోకాంపస్ కొలతకు పిలిచి, పేపర్లో '1 మి.మీ. వోక్సెల్' అని పరిచయం చేసేవాళ్లతోనే.

కొత్తగా సింథ్‌ఎస్‌ఆర్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. తమరిలాంటి స్కాన్ ఇస్తే 1 మి.మీ. టీ1 రకం ఎం.ఆర్.ఐ. బొమ్మ గీసిస్తుంది. బాగానే గీస్తుంది, నేనూ వాడతాను. కాకపోతే గాయం ఉన్నచోట కూడా ఆరోగ్యంగా కనిపించే కణజాలం పూడ్చేయగలదు. పరిమాణాలు కొలవడానికి సరే, జబ్బు వెతకడానికి ఆ బొమ్మ చూపిస్తే ఊరుకోను.

తమరి ఒరిజినల్ ఫైలును చెరపకుండా దాచాను. పట్టికలో ఒక గడి పెట్టి మందం 5, దూరం 6 అని రాశాను. ఆ కాలమ్ తీసేస్తే పట్టిక నీటుగా ఉంటుందని మా సారు రెండుసార్లు అన్నారు. తీయలేదు.

ఇట్లు,
తమరి గుమాస్తా