రెండు జీబీల సంసారం

పాత కంప్యూటర్‌ని పారేయకుండా విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి నడిపేవాళ్లకి ఏదైనా బిరుదు ఇవ్వాలని నేను ఎప్పటినుంచో డిమాండ్ చేస్తున్నాను, ఎందుకంటే పొదుపు అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారంటే అది మేమే. విండోస్ 11 అయితే గుమ్మంలోనే నిలబెట్టి 4 జీబీ ర్యామ్ ఉందా, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉందా అని ఆరా తీస్తుంది. లినక్స్‌కి ఆ పట్టింపుల్లేవు, 1991లో అది పుట్టిందే ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న మెషీన్ మీద. (2013లో వచ్చిన 3.8 కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఆ 386నే బయటికి పంపేశారనుకోండి, ఎదిగాక పుట్టిల్లు ఎవరికి గుర్తుంటుంది.)

నా మెషీన్‌లో ఉన్నది 2 జీబీ. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె ఎందుకని ముందు గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ తీసేసి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టాను. అదీ బరువనిపించి ఎల్‌ఎక్స్‌క్యూటీకి దిగాను, ఆ తర్వాత అసలు డెస్క్‌టాపే ఒక విలాసం అని జ్ఞానోదయమై ఐస్‌డబ్ల్యూఎమ్ అనే బుల్లి విండో మేనేజర్ దగ్గర స్థిరపడ్డాను. వాల్‌పేపర్ పోయింది. బ్లూటూత్ సర్వీస్ పోయింది, ప్రింటర్ సర్వీస్ కూడా పోయింది, నాకు ప్రింటర్ లేదు గానీ సూత్రం సూత్రమే. చివరగా జెడ్‌ర్యామ్, అంటే ర్యామ్‌లో ఉన్నదాన్నే ర్యామ్‌లోనే నొక్కి కుదించి పెట్టడం, సూట్‌కేస్ మీద కూర్చుని జిప్పు లాగినట్టు.

మూడు ఆదివారాల తపస్సు తర్వాత టెర్మినల్‌లో ర్యామ్ లెక్క చెప్పే 'ఫ్రీ' కమాండ్ కొడితే వాడకం 180 ఎంబీ. కళ్లు చెమర్చాయి. ('ఫ్రీ' కాలమ్‌లో అంకె చిన్నదిగా కనిపించిందని కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ డిస్క్ కాష్‌కి, అంటే డిస్క్ నుంచి చదివినవి చేతికందేలా పెట్టుకోడానికి, వాడుకుంటుంది, అడిగితే ఇచ్చేస్తుంది, చూడాల్సింది 'అవైలబుల్' కాలమ్.)

అప్పుడు బ్రౌజర్ తెరిచాను.

తొమ్మిది ట్యాబ్‌లకి జెడ్‌ర్యామ్ నిండింది, ర్యామ్ చాలనప్పుడు వాడే హార్డ్ డిస్క్ మీది స్వాప్ మొదలైంది, మౌస్ పాయింటర్ కదలడానికి ముహూర్తం చూసుకోసాగింది. నేను పీకిన వాల్‌పేపర్లూ సర్వీసులూ అన్నీ కలిపినా ఒక్క ట్యాబ్‌కి చాలవని అప్పుడు తెలిసింది. ఆఖరికి మెమరీ అయిపోతే రంగంలోకి దిగే కెర్నెల్‌లోని ఓఓఎమ్ కిల్లర్ వచ్చి, ఎవరు ఎక్కువ మింగారో లెక్కగట్టి బ్రౌజర్‌ని లేపేసింది. లోకంలో ఇంత సూటిగా తీర్పు చెప్పే వ్యవస్థ ఇంకోటి ఉంటే చూపించండి.

ఇక ఊరుకుంటే లాభం లేదని కఠిన నిర్ణయం తీసుకుని ప్యానెల్‌లో గడియారం పీకేశాను. బ్రౌజర్‌ని మాత్రం ఏమీ అనలేను, దాన్ని మళ్లీ తెరవాలి, తొమ్మిదో ట్యాబ్‌లో ర్యామ్ పొదుపు చేయడం ఎలా అనే వీడియో సగంలో ఉంది.