ఫెయిలైతే తప్పు ఎలుకది కాదు

ఇంట్లో పదో తరగతి పిల్లాడున్నాడు కాబట్టి పరీక్షల విషయంలో నన్ను నిపుణుడి కిందే లెక్కేసుకోండి. ఆ అర్హతతోనే చెప్తున్నా, భూమ్మీద పద్ధతిగా జరిగే పరీక్ష ఒక్కటే. పురుగుమందు బజార్లోకి రాకముందు, అది మెదడుని దెబ్బతీస్తుందేమో చూడ్డానికి ఎలుక పిల్లలకి పెట్టేది.

దీనికి 2007లో ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ 426 నంబరుతో ఒక మార్గదర్శకం పెట్టింది. తల్లి కడుపుతో ఉన్న 6వ రోజు నుంచి పిల్లలకి 21 రోజులు వచ్చేదాకా మందు పడుతూనే ఉంటుంది. తర్వాత 25 రోజుల వయసులో ఒకసారి, రెండు నెలలకి ఇంకోసారి జ్ఞాపకశక్తి చూస్తారు. 25 రోజులకే ఎంట్రన్సా అని నోరెళ్లబెట్టకండి, మన ఎల్‌కేజీ ఇంటర్వ్యూల ముందు ఇదెంత!

ఒకే ఈతలో పుట్టిన పిల్లలకి జ్ఞాపకశక్తి చూడ్డానికి ఈత పరీక్ష కూడా పెట్టొచ్చు. 1981లో రిచర్డ్ మోరిస్ అనే శాస్త్రవేత్త లోకానికి చూపించిన తొట్టి. గుండ్రటి తొట్టిలో పాలపొడి కలిపిన తెల్లటి నీళ్లు, పైకి కనపడకుండా నీళ్ల కింద చిన్న పీట. చుట్టూ ఉన్న గుర్తుల్ని బట్టి పిల్ల ఆ పీట ఎక్కాలి. ఒక నిమిషంలో దొరక్కపోతే ఎవరూ అరవరు, చేత్తో మెల్లగా పీట దాకా తీసుకెళ్లి, కాసేపు అక్కడే ఉండనిచ్చి, టవల్‌తో తుడుస్తారు. (మా వాడి ట్యూషన్‌లో టవల్ సంగతి అడిగి చూశాను. ఫీజు గుర్తుచేశారు.)

ఆ తర్వాతైనా మొద్దు అనేస్తారా అంటే, అబ్బే. కళ్లు సరిగ్గా ఉన్నాయా, ఈదే వేగం తగ్గిందా అని ముందు చూస్తారు. దిద్దేవాడికి ఏ పిల్లకి ఎంత మందు పడిందో తెలియనివ్వరు. అన్నదమ్ముల మార్కులు విడివిడిగా లెక్కేయరు, ఒక కాన్పు పిల్లలందరికీ కలిపి ఒకే లెక్క. అంతా అయ్యాక మెదడు తీసి కొలుస్తారనుకోండి, ర్యాంకు వచ్చినా అంతే.

ఇంత చేసి చివరికి అనుమానించేది మందుని, ఎలుకని కాదు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుకి 2020లో యూరప్ తలుపులు మూసేసిందంటే, ఈ పిల్లల మెదడు కొలతలకీ అందులో వాటా ఉంది.

ఆ మందే మన పొలాల్లో కొడుతుంటే గట్టు మీద క్యారియర్ పట్టుకుని నిలబడే పిల్లాడికి మర్నాడు ఏడో ఎక్కం గుర్తురాకపోతే, వాళ్ల సారు, వాడి కంటిచూపు ఎలా ఉందో, ఏ మందు ఎంత పడిందో ఏమీ అడక్కుండా నేరుగా చెవి మెలేస్తాడు.