తొలి నవలకు అసలు పబ్లిషర్ జీతమే

మొన్న తిరుపతిలో ఓ తొలి నవల ఆవిష్కరణకు వెళ్లాను. రచయిత బ్యాంకు ఉద్యోగి. ఆటోలోంచి పుస్తకాల కట్టలు తనే దించుకున్నాడు, పురికొస తనే తెంచాడు. వేదికెక్కిన వాళ్లందరిదీ ఒకటే మాట: ఉద్యోగంలో ఊపిరాడకున్నా తీరిక చేసుకుని నవల రాశారట! నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం ఉంది కాబట్టే కదా ఆ నవల అచ్చయింది. డీటీపీ, ముఖచిత్రం, ప్రింటింగ్, ఆఖరికి హాలు అద్దె, వచ్చినవాళ్లకు టిఫిన్లు అన్నీ ఆయన జీతంలోంచే.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లానే చూడండి. 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న మధురాంతకం రాజారాం బడిపంతులు. కేశవరెడ్డి కుష్ఠువ్యాధి డాక్టరు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో రోగుల్ని చూసుకుంటూ చిత్తూరు పల్లెల్ని నవలలకెక్కించాడు. వృత్తి ఆయనకు కథలిచ్చింది తక్కువే. ‘సిటీ బ్యూటిఫుల్’లో వైద్య విద్యార్థి ఉన్నాడు గానీ, ‘అతడు అడవిని జయించాడు’ నిండా పందులు కాసే ముసలాయనే. తప్పిపోయిన పంది కోసం అడవిలో పడ్డ ఆ ముసలాయన ఒళ్లు ఎంత అలిసిందో, గుండె ఎంత దడదడలాడిందో రాసిన తీరు చూస్తే, నాడి పట్టి చూసిన చెయ్యి అనిపిస్తుంది నాకు. అంతకన్నా పెద్ద సాయం నెలనెలా వచ్చే జీతం. పుస్తకం అమ్ముడుపోతుందా లేదా అన్న టెన్షన్ లేకుండా, తనకు కావాల్సిన మనుషుల గురించే రాసుకునే వీలు.

జీతం లేనివాళ్లూ రాస్తున్నారు, ఫేస్‌బుక్ ఉంది, అడిగినన్ని కాపీలే అచ్చేసిచ్చే పద్ధతీ వచ్చింది అంటారు. సరే. పుత్తూరులో మరమగ్గం మీద బతికే మనిషి నవల కోసం రెండు నెలలు మగ్గం ఆపితే ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా? ఆ మనిషి నవల మనకు రాకపోవడానికి ప్రతిభ లేకపోవడం కారణం కాదు.

గ్రంథాలయ పన్ను సంగతి నేనెప్పుడూ ఎత్తుతుంటానని మిత్రులు విసుక్కుంటారు. మళ్లీ ఎత్తుతున్నా. 1960 నాటి చట్టం పుణ్యమా అని ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల పేరుతో కడుతున్నాం. ఆ డబ్బులోంచి ప్రతి తొలి నవలవీ ఓ రెండొందల కాపీలు కొంటే ఏం పోయింది? భక్తి పుస్తకాలు అచ్చేసుకోవడానికి టీటీడీ సాయం చేస్తుంది, మంచిదే. నవల రాసినవాడు ఈ ఊళ్లో ఎవరి గడప తొక్కాలి?

సభ అయ్యాక చాలామంది సంతకం చేయించుకుని మరీ ఊరికే పట్టుకెళ్లారు. డబ్బులిచ్చి కొన్నది నాతో కలిపి నలుగురం. మిగతా కట్టలకు మళ్లీ పురికొస చుట్టి, అదే ఆటోకు బేరమాడుతున్నాడాయన.