ఎమరీ పేపర్‌తో రుద్దితే మాట్ ఫినిష్ రాదు

కారుకి మాట్ ఫినిష్ కావాలంటే పెయింటర్ దగ్గరికి వెళ్లక్కర్లేదని చెప్పే సందేశం ఒకటి ఫోన్లలో తెగ తిరుగుతోంది. సన్న ఎమరీ పేపర్‌తో కారంతా రుద్దితే మెరుపు పోయి మాట్ వచ్చేస్తుందట. లేదంటే నాలుగు డబ్బాల రబ్బరు స్ప్రే కొట్టుకుంటే సరి, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఊడదీసేయొచ్చట. పాత కారైతే వినైల్ ర్యాప్, అంటే కారుకి అతికించే ప్లాస్టిక్ ఫిల్మ్, వేస్తే తుప్పూ గీతలూ కప్పుకుపోతాయట. మాట్ కారుకి మెయింటెనెన్స్ ఉండదట, కాగితాలతో పని అసలే లేదట.

తక్కువ ఖర్చులో కారు రూపు మార్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు, దానికి మంచి దారులు ఉన్నాయి కూడా. కానీ ఈ సందేశం నమ్మి నిక్షేపంగా ఉన్న పెయింట్‌ని చేతులారా పాడుచేసుకుంటే, తర్వాత అయ్యే ఖర్చు మొదట మిగిలిన డబ్బుకి ఎన్నో రెట్లు. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

‘రుద్దితే మాట్ వస్తుంది’ అన్నది వీటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసే మాట. ఈ రోజుల్లో కారు పెయింట్ అంటే ఒక్క పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్. మామూలుగా ఇవన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు, అంటే మనం రాసుకునే కాగితంలో సగం మందం. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగుని కాపాడేది ఆ పొరే. ఎమరీ పేపర్ అరగదీసేదీ దాన్నే.

నీళ్లు పోస్తూ రుద్దేటప్పుడు పేపర్ మీదికి వచ్చే బురదని గమనించండి. తెల్లగా ఉన్నంతవరకు అరుగుతున్నది క్లియర్ కోట్. కారు రంగు కనిపించిందంటే క్లియర్ అయిపోయి బేస్ కోట్‌లోకి దిగిపోయారని అర్థం. బానెట్ మీది మడత గీత దగ్గర, డోర్ అంచుల్లో ఇది నాలుగు రుద్దుల్లోనే జరిగిపోతుంది. పెయింట్ కొట్టినప్పుడే అక్కడ పొర పల్చగా పడుతుంది, రుద్దేటప్పుడు చేతి ఒత్తిడంతా ఆ అంచు మీదే పడుతుంది. ఒకవేళ ఎక్కడా క్లియర్ దాటి దిగకుండా పని ముగిసినా, మిగిలేది మాట్ కాదు, లెక్కలేనన్ని సన్న గీతలు. ఎండ పడితే చెయ్యి తిరిగిన దారంతా కనిపిస్తుంది. ఆ గీతల్లో మురికి చేరుతుంది. పల్చబడ్డ క్లియర్ ఎండకి పాలిపోయి, చివరికి పొట్టు లేచిపోతుంది. ఆ స్థితికి వచ్చాక ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

అసలైన మాట్ వేరే పద్ధతిలో వస్తుంది. క్లియర్ కోట్‌లోనే మెరుపు తగ్గించే పదార్థం, ఎక్కువగా సిలికా, కలిపి ఉంటుంది. ఆరేటప్పుడు పైభాగం కంటికి కనిపించనంత గరుకుగా తయారై వెలుతురుని చెదరగొడుతుంది. పొర మందం మాత్రం పూర్తిగా ఉంటుంది. తక్కువ ఖర్చు దారి ఇక్కడే ఉంది, సందేశంలో దాని ఊసే లేదు. పాత పెయింట్ గట్టిగా ఉంటే, ముందు జిడ్డు వదిలేలా కడిగి, పట్టు కోసం తేలిగ్గా రుద్ది, ఉన్న రంగు మీదే మాట్ క్లియర్ కొట్టించుకోవచ్చు. రంగు మారదు కాబట్టి డోర్ల లోపలి అంచులకి, డిక్కీ లోపలికి పెయింట్ అక్కర్లేదు. రంగు మార్పులో బోలెడు కూలీ పోయేది అక్కడే.

అయితే ఆ క్లియర్ని ఇంటి దగ్గర కొట్టే సాహసం చేయకండి. గట్టిపడటానికి హార్డెనర్ కలిపే క్లియర్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా రావచ్చు, గుడ్డ మాస్క్ వాటిని ఆపలేదు. ఇంకో చిక్కూ ఉంది. మెరిసే పెయింట్‌లో దుమ్ము రేణువు పడితే రుద్ది పాలిష్ చేసి సరిచేస్తారు. మాట్‌లో అది కుదరదు, పాలిష్ చేసిన చోట మెరుస్తుంది. అందుకే లైట్లు, బ్యాడ్జీలు విప్పడం, కడగడం, మాస్కింగ్ టేప్ వేయడం వంటి పనులు మీరు చేసుకుని, స్ప్రే గన్ పట్టే పని మాత్రం స్ప్రే బూత్ (పెయింట్ కొట్టే ప్రత్యేక గది) ఉన్న పెయింటర్‌కి వదిలేయండి. విప్పే పని, టేప్ పని గంటలు తినేస్తాయి. అవి మీరు చేస్తే బిల్లు నిజంగానే తగ్గుతుంది.

‘నాలుగు డబ్బాలు చాలు, ఎప్పుడైనా ఊడదీయొచ్చు.’ రబ్బరు పూత చెడ్డ సరుకు కాదు, సందేశం చెప్పే లెక్కే తప్పు. ఆ పూత ఒకే పొరగా ఊడి రావాలంటే మందంగా ఉండాలి, అంటే కనీసం నాలుగైదు సార్లు కొట్టాలి. కారు మొత్తానికి లీటర్ల కొద్దీ సరుకు, స్ప్రే గన్ కావాలి. నాలుగు డబ్బాలని కారంతా సర్దితే పూత పల్చగా పడుతుంది. తీసేటప్పుడు గోరంత ముక్కలుగా చిట్లి, రోజుల తరబడి గీక్కోవాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ఎండకి వదిలేసినా అదే గతి.

పెట్రోల్ మూత కింద ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పెట్రోల్ పోయించుకున్నప్పుడు రెండు చుక్కలు జారి తుడవకుండా వదిలేస్తే, ఆ దారి వెంట పూత మెత్తబడి ముడతలు పడుతుంది. ప్రెషర్ వాషర్‌ని అంచుకి దగ్గరగా పెట్టినా లేచిపోతుంది. చక్రాలకీ గ్రిల్‌కీ అయితే డబ్బా స్ప్రే చక్కగా సరిపోతుంది, ఖర్చూ తక్కువే. దాని ఆవిరి అంటుకునే రకం, పీలిస్తే మంచిది కాదు. మూసిన షెడ్‌లో మాత్రం కొట్టకండి.

ర్యాప్ వేస్తే తుప్పు, లోతైన గీతలు దాగిపోతాయన్నది నిజం కాదు. వినైల్ ఫిల్మ్ మందం 100 మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది. కింద ఇసుక రేణువు ఉన్నా పైకి పొక్కులా కనిపిస్తుంది, ఇక సొట్ట సంగతి చెప్పేదేముంది? తుప్పు ఆగదు సరికదా, కనిపించకుండా పెరుగుతుంది. లప్పం పెట్టి సరిగ్గా పట్టని పెయింట్ వేసిన చోట, ర్యాప్ తీసేటప్పుడు ఆ పెయింట్ కూడా ఫిల్మ్‌తో వచ్చేస్తుంది. ర్యాప్ బాగున్న పెయింట్ మీద వేసుకునేదే గానీ పాడైపోయినదాన్ని దాచేది కాదు.

ఫిల్మ్‌లో రెండు రకాలుంటాయి. కాస్ట్ ఫిల్మ్ వంపుల్లో ఒదిగి నిలుస్తుంది. క్యాలెండర్డ్ ఫిల్మ్ చవక, కానీ కొన్నాళ్లకి కుంచించుకుని అంచుల దగ్గర వెనక్కి లాక్కుంటుంది. బడ్జెట్ తక్కువైతే చవక ఫిల్మ్‌తో కారంతా చుట్టించే బదులు, మంచి ఫిల్మ్‌తో టాప్, అద్దాల కవర్లు మాత్రమే వేయించుకోండి. బ్లేడుని పెయింట్ మీద నడపకుండా, ఫిల్మ్‌ని దారంతో కోసే టేప్ వాడతారా అని ముందే అడగండి.

‘మాట్‌కి మెయింటెనెన్స్ ఉండదు’ అనే మాటకి జవాబు చిన్నదే. వ్యాక్స్ రాయకూడదు, పాలిష్ పెట్టకూడదు, బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌కి పంపకూడదు. పక్షి రెట్ట పడితే ఎండకి కాలకముందే కడగాలి, ఎందుకంటే మరక దిగితే ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ కొట్టించాలి. నిజానికి మాట్ కావాలనుకునే చాలామందిని ఇబ్బంది పెడుతున్నది వెలిసిపోయిన మెరుపు. అలాంటివాళ్లు ముందు ఒక ప్యానెల్ మీద రబ్బింగ్ కాంపౌండ్ (పెయింట్ పైభాగాన్ని చాలా సన్నగా రుద్దే పేస్ట్), ఆపైన పాలిష్ పెట్టించి చూడండి. అన్నిటిలోకీ చవకైన మార్పు అదే.

ఇక కాగితాలు. చాలా దేశాల్లో బండి రంగు రిజిస్ట్రేషన్‌లో నమోదై ఉంటుంది. రబ్బరు పూతైనా ర్యాపైనా బయటికి కనిపించే రంగు మారితే తెలియజేయాల్సి రావచ్చు, కాబట్టి పని మొదలుపెట్టకముందే మీ దగ్గరి నిబంధన కనుక్కోండి. ఉన్న రంగు మీద మాట్ క్లియర్ వేయిస్తే రంగు అదే కాబట్టి సాధారణంగా ఆ తలనొప్పి ఉండదు. ఇన్సూరెన్స్ వాళ్లకి మాత్రం అప్పుడు కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. మాట్ ప్యానెల్‌కి గీత పడితే పాలిష్‌తో పోదు, మొత్తం కొట్టించాలి. ఆ ఖర్చు క్లెయిమ్‌లో వస్తుందో రాదో ముందే తేల్చుకోవాలి.