అవయవానికే చికిత్స

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి ఇంట్లో గడియారానికున్నంత పెత్తనం ఇంకెవరికీ ఉండదు. పొద్దున ఎనిమిదింటికి వేసుకున్న, రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్ బిళ్ల మళ్లీ రాత్రి ఎనిమిదింటికి వేసుకోవాల్సిందే. పెళ్లికి వెళ్లినా, తీర్థానికి వెళ్లినా మందుల డబ్బా వెంట ఉండాలి. మానేస్తే రోగనిరోధక వ్యవస్థ కొత్త అవయవంపై విరుచుకుపడుతుంది. వాడుతూ పోతే ఇన్ఫెక్షన్లు, మధుమేహం, క్యాన్సర్ల ముప్పు. కాపాడాల్సిన కిడ్నీనే ఆ బిళ్ల మెల్లగా దెబ్బతీయగలదన్నది మరీ బాధాకరం.

ఒళ్లంతటినీ నిర్వీర్యం చేసే బదులు, అమర్చబోయే అవయవాన్నే ముందుగా సిద్ధం చేయగలిగితే? టొరంటో జనరల్ ఆస్పత్రిలో షాఫ్ కేశవ్‌జీ, మార్సెలో సైపెల్ బృందం పట్టుకున్న దారి ఇదే. మార్పిడికి పనికిరావని పక్కనపెట్టిన మనుషుల ఊపిరితిత్తులను వారు ఒక పారదర్శక పెట్టెలో ఉంచి, 37 డిగ్రీల వెచ్చదనంలో పోషక ద్రవం పారిస్తూ, గాలి ఊదుతూ 12 గంటలు సజీవంగా నిలిపారు. వాపును అణిచే ఐఎల్-10 ప్రొటీన్ తాలూకు జన్యువును, బలహీనపరిచిన అడినోవైరస్ (జలుబు తెప్పించే ఒక వైరస్) మీద ఎక్కించి, శ్వాసనాళాల గుండా లోపలికి పంపారు. ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడింది. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

జాగ్రత్త అవసరమే. 1999లో అమెరికాలో అడినోవైరస్‌ను నేరుగా శరీరంలోకి ఎక్కించిన జన్యు చికిత్స ప్రయోగంలో 18 ఏళ్ల యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అందుకే చికిత్స పెట్టెలోనే జరగడం మాకు ముఖ్యమనిపిస్తోంది. వైరస్ రేపే తొలి అలజడి రోగి ఒంట్లో కాకుండా బయటే చాలావరకు సద్దుమణుగుతుంది. ఇలా పంపిన జన్యువు ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి బిళ్లలు రేపే పోతాయని ఎవరూ ఆశపెట్టకూడదు. కానీ అవయవం దెబ్బతినడం, తిరస్కరణకు బీజం పడటం ఎక్కువగా ఆ తొలి రోజుల్లోనే.

మా ఆందోళన ధర గురించి. 2019లో అమెరికాలో వచ్చిన ఒక జన్యు చికిత్స ఖరీదు 21 లక్షల డాలర్లు. ఉద్దానం కిడ్నీ రోగికి ఆ అంకె చెప్పడమే క్రూరత్వం. అయితే ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన కార్-టి క్యాన్సర్ చికిత్సకు (రోగి రక్షణ కణాల జన్యువులనే మార్చి క్యాన్సర్‌పైకి పంపేది) 2023లో అనుమతి వచ్చింది. విదేశీ ధరలో చిన్న వంతుకే దొరుకుతోంది. హైదరాబాద్‌లో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, అవయవదాన పథకం జీవన్‌దాన్‌ను నడిపే నిమ్స్ ఆస్పత్రి ఉంది. ఈ రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టి, దాత అవయవాలపై పరిశోధనకు ప్రభుత్వాలు ఈ బడ్జెట్‌లోనే నిధులివ్వాలి. ఈలోగా సర్కారు దవాఖానా కౌంటరులో టాక్రోలిమస్ ఒక్క రోజు కూడా నిండుకోకూడదు.